సీనియారిటీ ప్రకారం నాలుగొందల మీటర్లు

తప్పు నాదే. ముందే ఒప్పుకుంటే సగం పరువైనా మిగులుతుందని ఆశ. హిందీవాళ్ళ ప్రాంతంలో ఉన్న గమ్హరియాలో, మా ఫ్యాక్టరీ మైదానంలో ఒకావిడ నాలుగొందల మీటర్ల పరుగులో అందరికన్నా ముందొచ్చి, కాగితం మీద అందరికన్నా కింద పడిందంటే, దానికి కారణం ఆవిడ కాళ్ళు కాదు, నా వేళ్ళు. ఆ కాగితం నమూనా గీసింది నేను. గీసి, మురిసి, పదిమందికీ చూపించుకున్నదీ నేనే. ఆ తర్వాత ఏడాదిపాటు ఆ పదిమందికీ ముఖం చూపించలేక తిరిగిందీ నేనే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. మాది ఇనుము కరిగించి పోతలు పోసే మధ్యరకం ఫ్యాక్టరీ. ప్లానింగ్ సెక్షన్‌లో నా బల్ల మీద ఒక కంప్యూటరు, దాని పక్కన పంటినొప్పి ఉన్నదానిలా కీచుమంటూ మూలిగే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు ఉండేవి. ఫ్యాక్టరీలో ఇంకో మూడు కంప్యూటర్లున్నా అవి అధికారులవి. వాటిమీద ఎప్పుడూ పువ్వుల గుడ్డ కప్పి ఉండేది.

ప్రతి జనవరిలో మాకు స్పోర్ట్స్ డే. అంతవరకూ ఫలితాలు చేత్తో రాసేవారు. ఆ ఏడు మా స్పోర్ట్స్ సెక్రటరీగారికి ఆధునికత జ్వరంలా తగిలింది. ఆయన పర్సనల్ డిపార్ట్‌మెంట్‌లో డిప్యూటీ మేనేజరు. తెలుగాయన. నేనూ తెలుగువాణ్ణే కాబట్టి ఆయనకు నా మీద అభిమానం, అంటే అడక్కుండా పని అంటగట్టే చనువు.

"ఏమయ్యా ఇంజనీరూ, ఇది ఆటల పోటీల సాఫ్ట్‌వేరుట. విదేశాల్లో దీంతోటే నడుపుతారుట. కాస్త చూసిపెట్టు" అని, తన గదికి పిలిపించి ఒక సీడీ నా చేతిలో పెట్టాడు.

చూశాను. చూడకుండా ఉండాల్సింది. మంచి ప్రోగ్రామే. ఎవరు ఏ పందెంలో ఉన్నారో, ఏ గీతలో పరిగెత్తారో, ఎంతసేపట్లో వచ్చారో ఎక్కిస్తే చాలు, అదే లెక్కగట్టి ఫలితాల షీటు అచ్చువేసేది. ఆ షీటు ఎంత సాదాగా ఉండేదంటే, మొదటి గడిలో స్థానం, తర్వాత పేరు, విభాగం, పట్టిన సమయం. ఒకటోవాడు పైన, ఆఖరివాడు కింద. చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. అందుకే మా ఫ్యాక్టరీకి అది పనికిరాలేదు.

ఆ ప్రోగ్రాంలో ఫారం రూపాన్ని మనిష్టం వచ్చినట్టు మార్చుకునే కిటికీ ఒకటుంది. గడులు మౌస్‌తో పట్టుకుని ఎటు కావాలంటే అటు జరపొచ్చు. అక్షరాలు పెంచొచ్చు, గీతలు లావు చెయ్యొచ్చు. నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా ఎవరూ ఏ విషయంలోనూ ఇంత స్వేచ్ఛ ఇవ్వలేదు. వారం రోజులు పోత గీతలు వదిలేసి ఈ ఫారం గీతలే గీశాను. రెండు వరసల అంచు పెట్టాను. నాలుగు మూలలా చిన్న నక్షత్రాలు పెట్టాను. శీర్షిక వెనకాల లేత బూడిద రంగు పరిచాను. ప్రింటరు ఆ లేత బూడిదను పెనం అడుగంత నల్లగా కొట్టింది. శీర్షిక అందులో మునిగిపోయింది. అప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది. రాలేదు, రంగు మాత్రం తీసేశాను.

పట్టుకెళ్ళి సెక్రటరీగారికి చూపించాను. ఆయన నక్షత్రాలు చూసి తలూపాడు. పేర్లు చూసి ఆగాడు. నమూనా కోసం కిందటేటి ఫలితాలు ఎక్కించాన్లెండి.

"ఇదేంటయ్యా, పేర్లు ఇలా కలగాపులగంగా ఉన్నాయి?"

"గెలిచిన వరసలో ఉన్నాయి సార్."

"గెలిచిన వరసేమిటి? ఖలాసీ పైన, చార్జ్‌మన్ కింద! రేపు ఈ కాగితం జనరల్ మేనేజర్‌గారి బల్ల మీదికెళ్తుంది. ఈ ఫ్యాక్టరీలో పైనెవరో కిందెవరో తెలీకుండా నడుపుతున్నామని అనుకోరూ?"

"పరుగు పందెం కదా సార్..."

"పరుగు రెండు నిమిషాల్లో అయిపోతుంది. సీనియారిటీ రిటైరయ్యేదాకా ఉంటుంది. సీనియారిటీ ప్రకారం వెయ్యి."

ఇది ఆయన ఒక్కడి జబ్బంటే అన్యాయం. మా ఫ్యాక్టరీలో ఏ జాబితా అయినా సీనియారిటీ ప్రకారమే ఉండేది. గ్రూపు ఫొటోలో కుర్చీలు, మీటింగులో టీ కప్పులు, ఆఖరికి సంతాప సభలో మౌనం పాటించేవాళ్ళు నిలబడే వరసా అంతే. పోయినవాడు జూనియరైతే మౌనం కూడా కొంచెం పొట్టిగా ఉండేది. అలాంటి చోట ఒక పరుగు పందెం మాత్రం తోచినట్టు పరిగెత్తితే ఊరుకుంటారా?

బుద్ధున్నవాడు అక్కడ వాదించేవాడు. నాకు వాదించాలనిపించకపోగా సంబరమైంది. ఎందుకంటే ఆ కిటికీలో వరస మార్చే సదుపాయం కూడా ఉందని అప్పటికే కనిపెట్టాను, దాన్ని వాడే సందు మాత్రం దొరకలేదు. అరగంటలో మార్చేశాను. టోకెన్ నంబరు, హోదా, ఉద్యోగంలో చేరిన తేదీ, ఈ మూడింటికీ కొత్త గడులు. వాటికి చోటు కావాలి కదా, స్థానం గడిని కుడి చివరికి తోశాను. సమయం గడిని దానికి అతికించాను. రెండింటికీ ఉన్నవాటిలో అతి చిన్న అక్షరాలు పెట్టాను. సర్వీసుకు రెండంగుళాలు, గెలుపుకు పావంగుళం. వరస చేరిన తేదీని బట్టి; టెంపరరీ వాళ్ళకు ఆ తేదీ లేదు కాబట్టి వాళ్ళు అట్టడుగున. గీతలు గీసేవాడికి తన గీతల కింద ఎవరి రాత ఉందో కనపడదు.

"ఇప్పుడు పద్ధతిగా ఉంది" అన్నాడు సెక్రటరీగారు. నేను పొంగిపోయాను. అంత చవగ్గా పొంగిన సందర్భాలు నా జీవితంలో ఇంకో రెండున్నాయి గానీ అవి ఇక్కడ అనవసరం.

ఇక ఆవిడ సంగతి. కోర్ షాపులో పనిచేసేది. పోతల్లో బోలు రావడానికి లోపల పెట్టే ఇసుక అచ్చులు చేసే చోటది; అక్కడ ఎక్కువమంది ఆడవాళ్ళే. ఇల్లు బాగ్‌బేరాలో, రైల్వే యార్డు పక్కన. వాళ్ళది శ్రీకాకుళం అవతల ఒడిశా సరిహద్దు ఊరు. ఎనిమిదేళ్ళుగా టెంపరరీ. మాకు హెడ్డాఫీసు వేరే ఊళ్ళో ఉండేది. ఏటా మా అన్ని ఫ్యాక్టరీలకూ కలిపి అక్కడ పోటీలు జరిగేవి. ఒక్కో పందానికి ఒక్కొక్కరిని మా ఫలితాలు చూసి వాళ్ళే పిలిచేవారు. అలా వెళ్ళొచ్చిన టెంపరరీ వాళ్ళను పర్మనెంట్ చేసే ఆనవాయితీ ఒకటుంది, ఎక్కడా రాసి లేదు గానీ ఎన్నడూ తప్పలేదు. ముప్ఫై అయిదు నిండితే మాత్రం ఇక చెయ్యరు. ఆవిడకు అప్పుడు ముప్ఫై మూడు.

పందెం రోజున చీర కుచ్చిళ్ళు ఎగదోపి, చెప్పులు విడిచి, గీత దగ్గర నిలబడింది. అయిదుగురున్నారు. అందరిలోకీ సీనియరు టైమాఫీసు హెడ్‌క్లర్కు, బెంగాలీ ఆవిడ, అందరికీ దీదీ. పందానికి కనీసం అయిదుగురు కావాలని ఆవిణ్ణి బతిమాలి తెచ్చారు. తుపాకీ పేలాక నలుగురు పరిగెత్తారు, దీదీ బయల్దేరింది. మా కోర్ షాపు ఆవిడ చుట్టు పూర్తిచేసి మంచినీళ్ళు తాగి ముఖం తుడుచుకునే వేళకు దీదీ ఇంకా అవతలి మలుపులో తెలిసినవాళ్ళతో కుశల ప్రశ్నలు వేస్తూ వస్తోంది.

"బాగా పరిగెత్తావమ్మా, ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాను.

"నేర్సుకోడమేటి బాబుగారూ, మా బాగ్‌బేరాలో నీళ్ళ టేంకరు ఎనకాల పరిగెట్టినోళ్ళకి ఇదో లెక్కా? ఇక్కడ సేతిలో బిందైనా నేదు."

ప్రైజు కింద స్టీలు జగ్గు ఇచ్చారు. మైదానంలో జడ్జీలు చీటీ మీద చేత్తో రాసుకున్నారు కాబట్టి అక్కడ ఏ పొరపాటూ జరగలేదు. నేను ఆ చీటీలన్నీ కంప్యూటర్లో ఎక్కించి నా నక్షత్రాల షీట్లు అచ్చువేశాను. సెక్రటరీగారు ప్రతి షీటు కిందా సంతకం పెట్టి హెడ్డాఫీసుకు ఫ్యాక్స్ చేయించారు.

పది రోజులకు జవాబొచ్చింది. ఆడవాళ్ళ నాలుగొందల మీటర్లకు ఎంపికైనది: టైమాఫీసు దీదీ.

హెడ్డాఫీసు గుమాస్తాను తిట్టడానికి లేదు. భూమ్మీద ఎక్కడైనా పందెం ఫలితాల్లో పైనున్నవాడే గెలిచినవాడు. పాపం ఆయన ప్రతి షీటులోనూ పై పేరు రాసుకున్నాడు. కుడి చివర నేను పెట్టిన చీమతలకాయంత అంకెలు ఫ్యాక్స్‌లో నిజంగానే చీమల్లా వెళ్ళాయి. మగవాళ్ళ పందాల్లోనూ అంతే. ముందొచ్చిన కుర్రాళ్ళు ఇక్కడే మిగిలారు, ముందు చేరిన పెద్దలు మోకాళ్ళకు తైలం రాసుకోవడం మొదలెట్టారు.

దీదీ ఆ ఉత్తరం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అరే బాబా, యే క్యా హై? మై దౌడూంగీ? మేరా ఘుట్నా దేఖా హై?" అంటూ, ఈ మోకాలితో తను పరిగెత్తడమేమిటని దాన్ని చూపించబోయింది. వద్దన్నాను. ఆ మోకాలు పందెం రోజునే చూశాను.

ఆవిడ వెళ్ళగానే కోర్ షాపు ఆవిడ వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. చేతులకు ఇంకా ఇసుక ఉంది.

"ఏటి బాబుగారూ, నాను ఫస్టు వచ్చినాను కదా. జగ్గు కూడా ఇచ్చినారు. కాయితంలో ఆకర్న ఉన్నానంట, ఏటిది?"

"కాగితంలో కూడా నువ్వే ఫస్టమ్మా. అదిగో, ఆ చివర ఒకటని ఉంది చూడు."

వంగి చూసింది. కాగితాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.

"ఇదా? ఇది ఒకటా? నాను సిరా మరకనుకున్నాను."

కాగితం వెనక్కి తీసుకుని, నక్షత్రాలు లోపలికి పోయేలా మడిచాను.

ఆ పూటే సెక్రటరీగారి గదికి వెళ్ళాను. షీట్లు గెలిచిన వరసలో మళ్ళీ అచ్చువేస్తానని, ఒక్కసారి సంతకాలు పెడితే చాలని అడిగాను.

"నేను సంతకం పెట్టిన షీటులో తప్పుందంటావా?"

"తప్పు లేదు సార్, వరస..."

"తప్పు లేనప్పుడు మార్చడమేమిటి? హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చాక ఇక అంతే. రేపు వాళ్ళు నన్నడిగితే, మా ఇంజనీరుకు ఫారం వెయ్యడం రాదని చెప్పనా?" అని, గొంతు తగ్గించి, "అయినా ఆవిడ టెంపరరీ కదయ్యా" అన్నాడు. పర్మనెంట్ కావాల్సిన మనిషికి పర్మనెంట్ కాకపోవడమే అడ్డం. ఈ తర్కానికి ఏ ప్రోగ్రాంలోనూ గడి లేదు.

నేనే హెడ్డాఫీసుకు రాసి ఉండొచ్చు. రాయలేదు. ధైర్యం విషయంలో నేనెప్పుడూ టెంపరరీనే. దీదీ వెళ్ళింది, సగం చుట్టు నడిచింది, గట్టు మీద కూర్చుంది, తిరిగొచ్చాక కోర్ షాపుకు స్వయంగా వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని మాఫ్ కరో అని క్షమాపణ అడిగింది. నేను ఆ మాత్రం కూడా చెయ్యలేదు.

మరుసటి జనవరి దగ్గరికొచ్చింది. కోర్ షాపు ఆవిడ మళ్ళీ నా బల్ల దగ్గరికొచ్చింది.

"ఈయేడు దాటితే నాకు ముప్పయ్యైదు నిండిపోతాది బాబుగారూ. పరిగెట్టమంటారా, మానీమంటారా? ముందే సెప్పీయండి. మీ కాయితం ఒప్పుకోకపోతే నాను ఊరికే ఆయాసపడ్డం దేనికి?"

వెక్కిరింపుగా అనలేదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది.

"పరిగెత్తమ్మా" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు.

ఫారం మార్చనివ్వమని సెక్రటరీగారిని మళ్ళీ అడిగాను. "పోయినేటి ఫారం జనరల్ మేనేజర్‌గారు చూసి బాగుందన్నారయ్యా. నక్షత్రాలు ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. అలాగే ఉంచు" అన్నాడు. ఉంచాను.

ఆ ఏడు స్పోర్ట్స్ డేకి జనరల్ మేనేజర్‌గారే స్వయంగా వచ్చి తుపాకీ పేల్చారు. ఆయన చూస్తున్నారంటే మా అధికారులకు ఎక్కడలేని దారుఢ్యమూ వస్తుంది. ప్రతి ఏడూ సరదాకి జరిగే అధికారుల వంద మీటర్లలో ఆ ఏడు సెక్రటరీగారు కూడా దిగారు. తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు, మెడలో ఈల. ఆరుగురు పరిగెత్తారు. అయిదుగురు చేరాక, చప్పట్లు కూడా అయిపోయాక, సెక్రటరీగారు చేరారు. మెడలో ఈల ఊపిరితోపాటు దానంతటదే మోగుతోంది.

మధ్యాహ్నం ఆడవాళ్ళ నాలుగొందలు. కోర్ షాపు ఆవిడ మళ్ళీ మొదటే వచ్చింది. ఈసారి దీదీ పరిగెత్తలేదు గానీ, డిస్పెన్సరీ నర్సమ్మ ఒకామె ఉంది, పర్మనెంటు, పదహారేళ్ళ సర్వీసు. నాలుగోది వచ్చింది. నా ఫారంలో ఆమే పైన.

ఫలితాలు ఎక్కిస్తూ కూర్చున్నాను. హెడ్డాఫీసు పోటీల్లో అధికారుల విభాగం ఉన్నా, మా అధికారుల పందెం షీటు ఎప్పుడూ అక్కడికి పంపేవాళ్ళం కాదు. నోటీసు బోర్డు మీద అంటించేసేవాళ్ళం. ఆ రోజు దాన్నీ అచ్చువేశాను. ఆరుగురిలో సెక్రటరీగారే సీనియరు. ఆయన రూలు ప్రకారం, ఆయన మెచ్చుకున్న ఫారంలో, ఆయన పేరు అన్నిటికన్నా పైన నిలబడింది. కుడి చివర, సిరా మరకలా, ఆరు.

ఆ షీటును మిగతావాటితో కలిపి సంతకాలకు పంపాను. ఏ అక్షరమూ మార్చలేదు, ఏ అబద్ధమూ ఆడలేదు. ఆయన చదవకుండా అన్నిటిమీదా సంతకం పెట్టి హెడ్డాఫీసుకు ఫ్యాక్స్ చేయించాడు. చదివే అలవాటే ఉంటే ఆయన అంత పైకి వచ్చేవాడు కాదు.

పన్నెండో రోజున, అయిదేళ్ళలో మొదటిసారి, సెక్రటరీగారు తన కాళ్ళతో నడిచి నా బల్ల దగ్గరికి వచ్చారు. చేతిలో హెడ్డాఫీసు ఉత్తరం. పురుషుల వంద మీటర్ల పరుగు, అధికారుల విభాగం: మా ఫ్యాక్టరీ నుంచి ఎంపికైన వేగవంతుడు ఆయనే. అభినందనలు. స్పైకు బూట్లు వెంట తెచ్చుకోవలెను. జనరల్ మేనేజర్‌గారికి నకలు.

"ఏమిటయ్యా ఇది?"

"కంగ్రాచ్యులేషన్స్ సార్."

"నీ మొహం! నేను ఆఖర్న వచ్చాను కదయ్యా!"

"షీటులో కూడా అలాగే ఉంది సార్. అదిగో, ఆ చివర."

వంగి చూశారు. కళ్ళజోడు తీసి చూశారు, పెట్టుకుని చూశారు.

"ఇది ఎవడికి కనపడుతుందయ్యా? స్థానం ముందుండాలి! గెలిచినవాడి పేరు పైనుండాలి! ఆ మాత్రం ఇంగితం లేదా నీకు?"

"మీరు సంతకం పెట్టారు సార్. ఉత్తరం కూడా వచ్చేసింది."

ఆ మాట ఆయనకు ఎక్కడో విన్నట్టనిపించి ఉండాలి. చుట్టూ చూసి, కుర్చీ లాక్కుని కూర్చుని, మెత్తగా అన్నాడు: "చూడవయ్యా, నా షీటొక్కటి గెలిచిన వరసలో మళ్ళీ కొట్టిచ్చెయ్. సంతకం పెట్టి పంపేస్తాను. మిగతావి కదపకు."

నేను తెర మీద ఆ కిటికీ తెరిచాను. గడులు అటూ ఇటూ జరిపాను, విచారంగా తల ఊపాను. ఊపడంలో నాకు ప్లానింగ్ సెక్షన్ అనుభవం ఉంది.

"కుదరదు సార్. ఈ ప్రోగ్రాంలో ఫారం ఒక్కటే. వరస మారిస్తే అన్ని పందాలకూ మారిపోతుంది. మార్చినవన్నీ మీరు మళ్ళీ సంతకాలు పెట్టి పంపాలి. తప్పులు దిద్దినట్టు ఒక ఉత్తరం కూడా రాయాలి."

"అన్నీనా?"

"అన్నీ సార్. లేకపోతే స్పైకు బూట్లు బిష్టుపూర్ బజార్లో దొరుకుతాయి."

ఆయన ఇరవై మూడు షీట్ల మీద సంతకాలు పెట్టాడు. అన్నిటికన్నా పైన ఆడవాళ్ళ నాలుగొందల మీటర్లది పెట్టాను. ఒకటి అన్న అంకె మొదటి గడిలో, చూపున్న ఎవరికైనా కనపడేటంత. వారానికి సవరించిన ఉత్తరం వచ్చింది. కోర్ షాపు ఆవిడ హెడ్డాఫీసుకు వెళ్ళింది, మూడోది వచ్చింది, వేసవి ముగిసేలోగా పర్మనెంట్ కాగితం అందుకుంది. ఆ కాగితం తెచ్చి నాకు చూపించినప్పుడు, "ఇది మీరు గీసింది కాదు కదా బాబుగారూ?" అని ఒకటికి రెండుసార్లు అడిగి మరీ మడత పెట్టుకుంది.

ఇక ఆ ప్రోగ్రాం సంగతి. ఏ పందానికి ఆ పందెం ఫారాన్ని విడిగా మార్చుకునే వీలు అందులో మొదటినుంచీ ఉంది. కావలసిన షీటు మీద రెండుసార్లు నొక్కితే చాలు, మిగతా ఇరవై రెండూ కదలవు. ఆ సంగతి సెక్రటరీగారు రిటైరయ్యేదాకా ఆయనకు తెలీదు. నేను చెప్పలేదు.